పోక్సో, అత్యాచారం కేసులో ఇంట్లోవాళ్ల పేరు వస్తే: మొదటి గంట నుంచి తీర్పు దాకా నిందితుడి తరఫున చేయాల్సిన పనులు

"మావాడి మీద పోక్సో కేసు పెట్టారట, ఇప్పుడేం చేయాలి?" అని అడిగేది సాధారణంగా తల్లో, అన్నో, భార్యో. అడిగే సమయానికి అబ్బాయి స్టేషన్‌లో ఉంటాడు. ఇంట్లో ఎవరో పెద్దమనిషి "వాళ్లింటికెళ్లి నేను మాట్లాడతా" అని చెప్పులు వేసుకుంటూ ఉంటాడు. ముందు ఆయన్ని ఆపండి. మిగతావన్నీ ఆ తర్వాత.

ఇక్కడ రాసింది ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కోర్టుల్లో నడిచే పద్ధతి. చట్టం దేశమంతటా ఒకటే. నేరం జరిగిందని చెబుతున్న తేదీ 2024 జూలై 1కి ముందుదైతే సెక్షన్లు ఐపీసీవి, ఆ తర్వాతదైతే భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్)వి. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ (కేసు నడిచే పద్ధతి చెప్పే చట్టం), సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన బీఎస్ఏ కూడా ఆ రోజు నుంచే అమలయ్యాయి. పిల్లలపై లైంగిక నేరాల చట్టమైన పోక్సో మాత్రం 2012 నాటిదే, 2019లో శిక్షలు పెంచారు. ఇంకొక మాట. 2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన దిశ బిల్లు రాష్ట్రపతి ఆమోదం పొందక చట్టంగా అమల్లోకి రాలేదు. "దిశ కేసండీ, 21 రోజుల్లో శిక్ష వేసేస్తారు" అని ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఎఫ్ఐఆర్ నంబరు, తేదీ, స్టేషన్ పేరు, సెక్షన్లు
- నిందితుడి పదో తరగతి మెమో లేదా పుట్టిన తేదీ సర్టిఫికెట్. అబ్బాయికి పద్దెనిమిది నిండకపోతే కేసు దారే వేరు
- అతని ఫోన్, ఉన్నది ఉన్నట్టుగా
- ఇద్దరు జామీనుదార్ల ఆధార్, ఫొటోలు, ఇంటి పన్ను రశీదులు లేదా పట్టాదారు పాస్‌బుక్‌లు, లేదంటే జీతం సర్టిఫికెట్లు
- ఒక లాంగ్ నోట్‌బుక్. మొదటి పేజీ నుంచి తేదీలు మాత్రమే రాయడానికి

నోట్‌బుక్ చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ ఈ కేసుల్లో వయసు, బెయిల్, అలిబీ (ఆ సమయానికి వేరే చోట ఉన్నాడన్న వాదన), ఫిర్యాదు ఆలస్యం, ఏది తీసుకున్నా చివరికి తేదీల లెక్క దగ్గరికే వస్తుంది.

1. మొదటి గంటలో చేయకూడనివి

ఫిర్యాదు చేసిన అమ్మాయికి గానీ, ఆమె ఇంట్లోవాళ్లకు గానీ, స్నేహితురాలికి గానీ ఫోన్ చేయకండి, మెసేజ్ పెట్టకండి, మనిషిని పంపకండి. క్షమాపణ చెప్పడానికి కూడా వద్దు. "ఎంత కావాలి" అన్న ఒక్క మాట రికార్డయితే బెయిల్ పోతుంది. బెదిరించినట్టు తేలితే బీఎన్ఎస్ 232 కింద కొత్త కేసు. పైగా అది చట్టం మాట అటుంచినా చేయకూడని పని.

ఫోన్‌లో ఏదీ తుడిచేయకండి. తీసేసిన చాట్ అవతలి ఫోన్‌లో ఉంటుంది, ఫోరెన్సిక్ ల్యాబ్‌లో మళ్లీ బయటపడుతుంది. అప్పుడు ఆ చాట్ కన్నా తీసేయడమే పెద్ద సాక్ష్యం అవుతుంది. సాక్ష్యం మాయం చేయడం బీఎన్ఎస్ 238 కింద విడిగా నేరం. తరచూ ఎదురయ్యే విచిత్రం ఏమిటంటే, తీసేసినవాటిలోనే నిందితుడికి పనికొచ్చే మెసేజ్‌లు ఉంటాయి.

అమ్మాయి పేరు, ఫొటో, ఊరు, కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. "మా వాడు అమాయకుడు, ఈ పిల్లే..." అంటూ బంధువు పెట్టిన ఒక్క పోస్టుకు బీఎన్ఎస్ 72 కింద రెండేళ్ల దాకా శిక్ష పడొచ్చు. బాధితురాలు మైనరైతే పోక్సో 23 కూడా కలుస్తుంది.

ఊరు వదిలి పారిపోవడం వద్దు. పరారీలో ఉన్నాడని రాసుకోవడానికి పోలీసులకు అంతకన్నా మంచి కారణం ఉండదు.

2. ఎఫ్ఐఆర్ కాపీ తీసుకోండి, సెక్షన్లు చదవండి

లైంగిక నేరాల ఎఫ్ఐఆర్‌లు పోలీసు వెబ్‌సైట్‌లో కనిపించవు. వెతికి వెతికి "కేసే లేదు" అనుకోకండి. 2016లో యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినదాని ప్రకారం నిందితుడి తరఫువాళ్లు దరఖాస్తు పెట్టుకుంటే పోలీసులు 24 గంటల్లో కాపీ ఇవ్వాలి. కోర్టులో కాపీ అప్లికేషన్ వేస్తే రెండు పనిదినాల్లో రావాలి. స్టేషన్‌లో తిప్పించుకుంటున్నారనిపిస్తే కోర్టు దారే త్వరగా తెములుతుంది.

కాపీ చేతికొచ్చాక ముందు సెక్షన్లు చూడండి. బెయిల్ ఎక్కడ, ఎన్ని రోజుల్లో అన్నది వాటిని బట్టే.

బీఎన్ఎస్ 64 అత్యాచారం: పదేళ్ల నుంచి జీవిత ఖైదు. 65: పదహారేళ్లలోపు బాలిక అయితే కనీసం ఇరవై ఏళ్లు. 69: పెళ్లి చేసుకునే ఉద్దేశం లేకుండానే మాటిచ్చి శారీరక సంబంధం పెట్టుకోవడం, పదేళ్ల దాకా. 70: సామూహిక అత్యాచారం. 74: మహిళ గౌరవానికి భంగం, ఏడాది నుంచి అయిదేళ్లు. 75 లైంగిక వేధింపు, 78 వెంటపడటం.

పోక్సోలో సెక్షన్ 4కు కనీసం పదేళ్లు, బాధితులకు పదహారు నిండకపోతే ఇరవై. సెక్షన్ 6కు కనీసం ఇరవై. సెక్షన్ 8కు మూడు నుంచి అయిదేళ్లు. సెక్షన్ 12కు మూడేళ్ల దాకా. 4కూ 6కూ తేడా ఎక్కడొస్తుందంటే సెక్షన్ 5లో: నిందితుడు బంధువు, టీచర్, పోలీసు అయితే, పన్నెండేళ్లలోపు పిల్ల అయితే, ఒకటికి మించిన సార్లు జరిగితే, గర్భం వస్తే నేరం తీవ్రమైనదిగా మారి 6 పడుతుంది.

నేరం నిజంగా చేసినవాడికి కూడా లాయర్ కావాల్సింది ఇందుకే. అయిదేళ్లు పడాల్సిన చోట ఇరవై ఏళ్లు పడకుండా సరైన సెక్షన్ దగ్గర నిలబెట్టడం కూడా డిఫెన్సే.

హెచ్చరిక: ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్లు కలిపి ఉన్నాయేమో చూడండి. ఉంటే ముందస్తు బెయిల్‌కు సెక్షన్ 18 అడ్డం. ప్రాథమికంగా ఆ నేరమే కనపడట్లేదని చూపగలిగితే తప్ప రాదు.

3. లాయర్

ఆస్తి తగాదాలు చూసే చుట్టాల లాయర్ వద్దు. సెషన్స్ కేసుల్లో, వీలైతే పోక్సో కోర్టులో సాక్షులను స్వయంగా క్రాస్ చేసిన (ఎదురు ప్రశ్నలు వేసిన) మనిషి కావాలి. కలిసినప్పుడు రెండు ప్రశ్నలు వేయండి: "ఈ కోర్టులో ఇలాంటి ట్రయల్స్ ఎన్ని పూర్తి చేశారు? క్రాస్ మీరే చేస్తారా, జూనియర్‌ను పంపుతారా?" "జడ్జి మనవాడే" అన్న లాయర్ దగ్గర్నుంచి వెంటనే లేచి వచ్చేయండి.

ఫీజు బెయిల్‌కు ఎంత, ట్రయల్‌కు ఎంత అని విడదీసి మాట్లాడుకోండి. డబ్బు మొత్తం బెయిల్‌కే ఊడ్చిపెట్టి, అసలు సాక్ష్యం నడిచే రోజుకు లాయర్ ఫీజుకు లేక నిలబడే కుటుంబాలే ఎక్కువ.

స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, ఉచిత లాయర్ హక్కు. ఫోన్ 15100. చాలా జిల్లాల్లో జీతం మీద పూర్తికాలం పనిచేసే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ ఉన్నారు. ఉచితం కదా అని చులకన చేయకండి, వాళ్లు రోజూ చేసేది ఈ పనే.

లాయర్‌కు పూర్తి నిజం చెప్పండి. హోటల్ బిల్లు, పాత గొడవ, పంపిన ఫొటో, అన్నీ. ఆ మాటలకు రక్షణ ఉంది. దాచింది క్రాస్‌లో ప్రాసిక్యూటర్ నోట వినాల్సి వస్తే ఆ రోజు కేసు పోయినట్టే.

4. అరెస్టుకు ముందైతే

శిక్ష ఏడేళ్లు మించని సెక్షన్లకు (బీఎన్ఎస్ 74, 75, 78, పోక్సో 8, 12 లాంటివి) పోలీసులు సాధారణంగా బీఎన్ఎస్ఎస్ 35(3) నోటీసు ఇచ్చి పిలవొచ్చు. ఆ తేదీకి లాయర్‌తో వెళ్లి హాజరు వేయించుకోండి. వెళ్లినట్టు రుజువు ఉంచుకోండి. నోటీసుకు హాజరైనవాణ్ని కారణాలు రాయకుండా అరెస్టు చేయకూడదు. ఎగ్గొడితే ఆ రక్షణ పోతుంది.

పెద్ద సెక్షన్లకు ముందస్తు బెయిల్, అంటే బీఎన్ఎస్ఎస్ 482. ముందు సెషన్స్ లేదా పోక్సో కోర్టులో, అక్కడ కొట్టేస్తే హైకోర్టులో. బీఎన్ఎస్ 65, 70(2) ఉంటే ఈ దారి మూసేశారు. పోక్సోకు అలాంటి నిషేధం లేదు. "పోక్సోలో యాంటిసిపేటరీ రాదు" అని స్టేషన్ బయట చెప్పే మాట తప్పు. కష్టం అన్నది మాత్రం నిజం.

కేసు హైదరాబాద్‌లో, అబ్బాయి బెంగళూరులో ఉంటే? 2023లో ప్రియా ఇందోరియా తీర్పు ప్రకారం, ఉన్న చోటి కోర్టు కొద్ది రోజులకు పరిమిత రక్షణ ఇవ్వగలదు. ఆ లోపు కేసు ఉన్న చోటికి వెళ్లి బెయిల్ అడగాలి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటే లుకౌట్ సర్క్యులర్ (విమానాశ్రయంలో ఆపే ఉత్తర్వు) ఉందన్న లెక్కలోనే టికెట్ బుక్ చేయండి. ముందు లాయర్, తర్వాత విమానం. కోర్టులో కేసు నడుస్తుండగా పాస్‌పోర్టు రెన్యువల్‌కు కోర్టు అనుమతి కావాల్సి ఉంటుంది, దానికీ ముందే పిటిషన్ వేసుకోండి.

5. అరెస్టు, రిమాండ్

అరెస్టు కారణాలు అతనికి తెలిసిన భాషలో రాసి ఇవ్వాలి, ఇంట్లో ఒకరికి చెప్పాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలి. అరెస్టు మెమోలో టైమ్ చూడండి. సాయంత్రం ఆరింటికి తీసుకెళ్లి, మర్నాడు మధ్యాహ్నం అరెస్టు చేసినట్టు రాయడం వింతేమీ కాదు. తీసుకెళ్లిన టైమ్‌కు వీధి కెమెరా గానీ, ఆ సమయానికి లాయర్‌కు మీరు పెట్టిన మెసేజ్ గానీ ఉంటే భద్రం చేయండి. కొట్టి ఉంటే మేజిస్ట్రేటు అడిగినప్పుడే చెప్పాలి. ఆ ఒక్క నిమిషంలో నోరు విప్పకపోతే తర్వాత చెప్పినా నమ్మేవాళ్లుండరు.

పోలీసుల ముందు ఒప్పుకున్న మాట సాక్ష్యం కాదు. ఆ మాటను బట్టి ఏదైనా వస్తువు దొరికితే అంతమేరకే చెల్లుతుంది. మౌనంగా ఉండే హక్కు రాజ్యాంగంలోని 20(3) ఇచ్చింది. రక్తం, ఇతర నమూనాలు మాత్రం బీఎన్ఎస్ఎస్ 52 కింద ఇవ్వాల్సిందే. మొండికేస్తే చెడ్డపేరు తప్ప లాభం లేదు.

పంచనామా మీద, తెల్లకాగితం మీద చదవకుండా సంతకం పెట్టొద్దని ముందే చెప్పి ఉంచండి.

6. సాక్ష్యాలు పోకముందే పట్టుకోండి

దీనికి మించిన పని మొదటి పది రోజుల్లో లేదు. దీన్నే ఎక్కువమంది వదిలేస్తారు.

సీసీటీవీ: షాపుల్లో, అపార్ట్‌మెంట్లలో ఉండే డీవీఆర్‌లు నిండగానే పాతది చెరిపేసి రాసుకుంటాయి. చాలాచోట్ల రెండు నుంచి నాలుగు వారాలే మిగులుతుంది. యజమానికి లాయర్ ద్వారా రాతపూర్వకంగా "ఫలానా తేదీ, ఫలానా సమయం ఫుటేజీ భద్రపరచండి" అని ఉత్తరం ఇచ్చి ముద్ర వేయించుకోండి. దాంతోపాటే కోర్టులో బీఎన్ఎస్ఎస్ 94 కింద పిటిషన్. ఫుటేజీ చూపించమని మీరే వెళ్లి బతిమాలకండి, సాక్షిని ప్రభావితం చేశారంటారు.

కాల్ రికార్డులు, టవర్ లొకేషన్: టెలికం కంపెనీలు రెండేళ్లు ఉంచుతాయి. ఫిర్యాదే ఏడాది ఆలస్యంగా వచ్చి ఉంటే మీకు మిగిలింది ఏడాదే. ట్రయల్‌లో అడుగుదాం అనుకుంటే అప్పటికి ఉండవు.

అలిబీ: "ఆ రోజు మావాడు ఊళ్లో లేడు" అంటే చాలదు. ఆ భారం నిందితుడిదే, బరువైన భారం కూడా. ఆర్టీసీ రిజర్వేషన్ టికెట్, ఫాస్టాగ్ స్టేట్‌మెంట్, ఆఫీసు బయోమెట్రిక్, ఆసుపత్రి ఓపీ చీటీ లాంటి మూడో మనిషి కాగితం కావాలి. స్నేహితులిద్దరి మాట మీద నిలబడే అలిబీ కూలితే, అబద్ధం ఆడాడన్న మచ్చ అదనం.

వాట్సాప్ చాట్: స్క్రీన్‌షాట్లు తీసి ప్రింట్ కొట్టిస్తే చెల్లదు. బీఎస్ఏ 63(4) సర్టిఫికెట్ జతచేయాలి. అందులో రెండు భాగాలుంటాయి. ఒకటి ఫోన్ వాడే మనిషి సంతకం చేసేది, రెండోది నిపుణుడిది. ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) కూడా రాయాలి. ఫోన్ రీసెట్ చేయకండి, అమ్మకండి. చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయండి, మీకు అనుకూలమైన నాలుగు ముక్కలు కాదు.

సరిచూసుకోవడం ఇలా: నోట్‌బుక్‌లోని ప్రతి తేదీ పక్కన "దీనికి కాగితం ఏది?" అని రాసుకోండి. ఖాళీగా మిగిలినవే మీరు తిరగాల్సిన చోట్లు.

7. బెయిల్, మాండేటరీ బెయిల్ లెక్క

బెయిల్ పిటిషన్‌లో కథ మొత్తం చెప్పకండి. వయసు, స్థిర నివాసం, పాత కేసులు లేకపోవడం, దర్యాప్తులో ముఖ్యమైన భాగం పూర్తవడం, ఫిర్యాదు ఆలస్యం, ఇవే పనిచేస్తాయి. బాధితురాలికి నోటీసు వెళ్తుంది, ఆమె మాట కూడా కోర్టు వింటుంది. మొదటి వారంలోనే తొందరపడి వేసి కొట్టేయించుకునే కన్నా, బాధితురాలు మేజిస్ట్రేటు ముందు ఇచ్చే 183 వాంగ్మూలం, వైద్య పరీక్ష పూర్తయ్యాక వేస్తే అవకాశం మెరుగు.

"పెళ్లి చేసుకుంటాడు, బెయిలివ్వండి" అని రాయించకండి. 2021లో అపర్ణా భట్ తీర్పులో సుప్రీంకోర్టు ఇలాంటి రాజీ, పెళ్లి షరతులు పెట్టొద్దని కింది కోర్టులకు గట్టిగా చెప్పింది.

ఇక మాండేటరీ బెయిల్. గడువులోగా ఛార్జిషీటు పడకపోతే బీఎన్ఎస్ఎస్ 187(3) కింద బెయిల్ హక్కుగా వస్తుంది. బీఎన్ఎస్ 64, పోక్సో 4, 6 లాంటివాటికి 90 రోజులు. పోక్సో 8, బీఎన్ఎస్ 74 లాంటివాటికి 60. అత్యాచారం కేసుల దర్యాప్తు రెండు నెలల్లో ముగించాలని 193(2)లో ఉంది, కానీ రెండు నెలలు దాటాయని బెయిల్ రాదు. ఈ రెంటినీ కలిపేసుకుని చాలామంది పొరబడతారు.

లెక్క ఎలాగో చూడండి. మార్చి 3న రిమాండ్ చేశారనుకోండి. రిమాండ్ చేసిన రోజు కూడా లెక్కే. మార్చిలో 29 రోజులు, ఏప్రిల్‌లో 30, మొత్తం 59. మే 1 అరవయ్యో రోజు. మే 1 రాత్రి దాకా ఛార్జిషీటు రాకపోతే, మే 2 ఉదయం కోర్టు తెరవగానే పిటిషన్ పడాలి. 90 రోజుల కేసైతే మే 31తో నిండుతుంది, జూన్ 1న వేయాలి. అరెస్టు తేదీ నుంచి కాదు, రిమాండ్ తేదీ నుంచి.

మీరు మధ్యాహ్నం వేద్దామనుకుని, పదకొండింటికి పోలీసులు ఛార్జిషీటు వేశారా, హక్కు పోయింది. అది దానంతటదే రాదు, అడగాలి. జామీనుదార్లు ఆ రోజే కోర్టు దగ్గర ఉండాలి. ఎఫ్ఎస్ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు లేకుండా ఛార్జిషీటు వేశారన్న ఒక్క కారణంతో సాధారణంగా మాండేటరీ బెయిల్ రాదు. బీఎన్ఎస్ సెక్షన్ 69 లాంటి "పదేళ్ల దాకా" నేరాలకు 60 రోజులా 90 రోజులా అన్నదానిపై వాదనలున్నాయి. 61వ రోజు వేయండి, కాదంటే 91వ రోజు మళ్లీ వేయండి.

బయటికొచ్చాక షరతులు రాసి గోడకు అంటించండి. స్టేషన్‌లో సంతకం ఏ వారం, ఏ టైమ్, ఏ ఊరికి వెళ్లకూడదు. పెళ్లిలోనో జాతరలోనో ఆమె ఎదురుపడితే, అక్కడి నుంచి వచ్చేయాల్సింది మీవాడే.

ప్రభుత్వోద్యోగి అయితే, కస్టడీ 48 గంటలు దాటితే సస్పెన్షన్‌లో ఉన్నట్టే లెక్క. ఆఫీసుకు దాచి సెలవు పెట్టడం ఇంకో కేసుకు దారి.

8. ఛార్జిషీటు చదవడం

హాజరైన 14 రోజుల్లోగా కాపీలన్నీ ఉచితంగా ఇవ్వాలి. బాధితురాలు మేజిస్ట్రేటు ముందు ఇచ్చిన 183 వాంగ్మూలం అంతకు ముందు రాదు. దానికోసం స్టేషన్ చుట్టూ తిరగడం దండగ. కట్ట అందుకున్న రోజే పేజీలు లెక్కపెట్టండి. ఛార్జిషీటు జాబితాలో ఉండి కట్టలో లేనివి రాతపూర్వకంగా అడగండి.

వయసు. పోక్సో నిలబడేదీ పడిపోయేదీ దీని మీదే. జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 94 వరుస చెబుతుంది: బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా మెట్రిక్ సర్టిఫికెట్, అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ జనన ధ్రువపత్రం, అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ ఒక్కటే చాలదని 2023లో పి.యువప్రకాశ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన పల్లెల్లో బడిలో చేర్చేటప్పుడు మాస్టారు జూన్ ఒకటో, ఆగస్టు పదిహేనో వేసేసిన పుట్టినరోజులు ఎన్నో. అడ్మిషన్ రిజిస్టర్ తెప్పించమని అడగండి, ఆ తేదీ ఎవరు, దేన్ని బట్టి రాశారో రాసినవాణ్నే అడగాలి. ఎముకల పరీక్షలో రెండేళ్ల అటూఇటూ ఉంటుంది. ఆధార్‌లోని తేదీ వయసుకు రుజువు కాదు, మీకు అనుకూలమైనా సరే.

పద్దెనిమిది నిండలేదని తేలితే ప్రేమ, ఇష్టం, పెళ్లి, పుట్టిన బిడ్డ ఏవీ సమ్మతి కింద చెల్లవు. శిక్ష దగ్గరో, బెయిల్ దగ్గరో ప్రస్తావనకు రావొచ్చు, అంతే. నిందితుడికి కూడా ఆ రోజుకు పద్దెనిమిది నిండకపోతే కేసు జువెనైల్ జస్టిస్ బోర్డుకు వెళ్లాలి. ఈ పిటిషన్ ఏ దశలోనైనా వేయొచ్చు, కానీ ముందే వేయండి.

వైద్య నివేదిక. "గాయాల్లేవు కాబట్టి అబద్ధం" అన్న వాదన నిలవదు. ప్రతిఘటించకపోవడం సమ్మతి కాదని బీఎన్ఎస్ సెక్షన్ 63లోనే ఉంది. పరీక్ష ఏ రోజు, ఏ గంటకు చేశారు, డాక్టరుకు ఆమె చెప్పిన వివరం ఎఫ్ఐఆర్‌తో కలుస్తోందా, ఇవి చూడండి.

ల్యాబ్ నమూనాలు. ఎవరు తీశారు, ఎప్పుడు సీల్ వేశారు, స్టేషన్‌లో ఎన్ని రోజులు ఉంది, కోర్టు ద్వారా ఎప్పుడు వెళ్లింది, ల్యాబ్‌లో అందుకున్నప్పుడు సీలు సరిగా ఉందని రాశారా. ఈ అయిదు తేదీలు వరుసగా రాస్తే మధ్యలో ఖాళీ ఉందో లేదో తెలుస్తుంది.

9. డిశ్చార్జి, క్వాష్, రాజీ

ఛార్జిషీటు మొత్తం నిజమనుకున్నా నేరం తయారవకపోతే డిశ్చార్జి (ట్రయల్ లేకుండానే వదిలేయమనే) పిటిషన్. సెషన్స్ కేసుల్లో కమిట్ అయిన (మేజిస్ట్రేటు కేసును సెషన్స్ కోర్టుకు పంపిన) 60 రోజుల్లో వేయాలి. పోక్సోలో కమిటల్ ఉండదు కాబట్టి కాపీలు అందగానే వేయండి. హైకోర్టులో క్వాష్, అంటే కేసునే కొట్టేయించుకోవడం, బీఎన్ఎస్ఎస్ 528 కింద.

ఇద్దరూ మేజర్లు, ఏళ్ల తరబడి సంబంధం, తర్వాత పెళ్లి కుదరలేదు. ఇలాంటి కేసుల్లో క్వాష్‌కు బలం ఉంటుంది. మాటిచ్చిన రోజునే మోసం చేసే ఉద్దేశం ఉందా, లేక తర్వాత పరిస్థితులు మారాయా అన్న తేడాను 2019లో ప్రమోద్ సూర్యభాన్ పవార్ తీర్పు స్పష్టం చేసింది. నిశ్చితార్థం ఫొటోలు, రెండు ఇళ్లవాళ్ల సంభాషణలు, జాతకాల కాగితాలు ఇక్కడ పనికొస్తాయి. అప్పటికే పెళ్లయి దాచిపెట్టినవాడికి ఈ దారి లేదు.

అత్యాచారం, పోక్సో కేసులు లోక్ అదాలత్‌లో తెగేవి కావు. బాలిక తండ్రితో రాజీ రాయించుకున్న టీచర్ కేసును 2024లో రామ్‌జీలాల్ బైర్వా తీర్పులో సుప్రీంకోర్టు తిరిగి తెరిపించింది. పంచాయితీలో ఇచ్చిన డబ్బు పోతుంది, కేసు ఉంటుంది.

10. ట్రయల్: క్రాస్ రోజు

బాధితురాలి ఒక్కరి సాక్ష్యం నమ్మదగినదైతే శిక్షకు అదే చాలు. పోక్సోలో సెక్షన్ 29 ప్రకారం నేరం చేశాడన్న భావనతోనే కోర్టు మొదలుపెడుతుంది. అయితే మూలమైన సంగతులు ముందుగా ప్రాసిక్యూషన్ నిరూపించాలి. కాబట్టి మీ పని అరవడం కాదు, ఆ మూలాలు వదులుగా ఉన్నాయేమో చూపడం.

క్రాస్ వాయిదా వేయించుకోకండి. పిల్లల్ని మళ్లీమళ్లీ పిలవకూడదని పోక్సో 33(5)లో ఉంది. "మళ్లీ పిలవండి" అన్న పిటిషన్లు చాలావరకు కొట్టేస్తారు. పోక్సోలో మీ లాయర్ ప్రశ్నను జడ్జికి చెబితే, జడ్జి పిల్లను అడుగుతారు. అందుకే ప్రశ్నలు పొట్టిగా, పిల్లకు అర్థమయ్యే తెలుగులో ముందే రాసుకుని వెళ్లాలి.

తేడా రికార్డు చేయడంలోనే ఎక్కువ కేసులు చేజారతాయి. ఉదాహరణకు, కోర్టులో సాక్షి "తలుపు గడియ పెట్టాడు" అంటుంది. పోలీసులకిచ్చిన 180 స్టేట్‌మెంట్‌లో ఆ మాట లేదు. వాదనల్లో ఎత్తిచూపుదాం అని ఊరుకుంటే చెల్లదు. సాక్షినే అడగాలి: "గడియ పెట్టిన సంగతి పోలీసులకు చెప్పారా?" "చెప్పాను" అంటుంది. ఆ జవాబు రికార్డవ్వాలి. నెలల తర్వాత దర్యాప్తు అధికారి బోనెక్కినప్పుడు: "గడియ పెట్టాడని ఎల్.డబ్ల్యూ.1 (ఛార్జిషీటు జాబితాలో మొదటి సాక్షి) మీ ముందు చెప్పలేదు, నిజమేనా?" "నిజమే." అప్పుడే అది పూర్తయింది. స్టేట్‌మెంట్‌లో ఉన్నదానికి విరుద్ధంగా చెబితే ఆ భాగాన్ని డి.1 (డిఫెన్స్ పత్రం 1) అని మార్క్ చేయించాలి. రెండో సగం మర్చిపోతే మొదటి సగం వృథా. సరిచూసుకోవడానికి ఒక కాగితం మీద రెండు గడులు గీసి, సాక్షిని అడిగినవన్నీ ఎడమ, అధికారిని అడిగినవి కుడి రాయండి. కుడివైపు ఖాళీ ఉంటే అధికారి దిగిపోకముందే లాయర్‌కు చీటీ పంపండి.

చొక్కా రంగు, గడియారం టైమ్ లాంటి చిల్లర తేడాలతో కేసు పడిపోదు. నేరం జరిగిందా లేదా అన్నదాన్ని తాకే తేడాలు రెండో మూడో చాలు.

ఆమె నడత, పాత స్నేహాలు, వేసుకునే బట్టల గురించి అడగకూడదు. బీఎస్ఏ 48, 149 అడ్డుకుంటాయి, పోక్సో 33(6) కూడా. అడగనిచ్చినా జడ్జి మనసులో మీవాడి మీదే మచ్చ పడుతుంది. అబద్ధం కేసు అంటున్నారా, ఎందుకు పెట్టారో కారణం చూపండి: పొలం తగాదా, అప్పు, ఇంట్లోవాళ్లకు దొరికిపోవడం. కారణానికి పాత కాగితం ఉండాలి, కేసు పడ్డాక పుట్టినది కాదు.

11. 351 ప్రశ్నలు, డిఫెన్స్ సాక్షులు

ప్రాసిక్యూషన్ సాక్ష్యం అయ్యాక బీఎన్ఎస్ఎస్ 351 కింద జడ్జి నిందితుణ్ని నేరుగా అడుగుతారు. అన్నిటికీ "అబద్ధం", "తెలీదు" అని చెప్పి దిగిపోవడం రివాజు. అలిబీ గానీ కక్ష గానీ ఉంటే చెప్పాల్సిన చోటు ఇదే. రాతపూర్వకంగా కూడా ఇవ్వొచ్చు. క్రాస్‌లో ఒక కథ, ఇక్కడ ఇంకో కథ అయితే రెండూ పోతాయి. "సంబంధమే లేదు", "ఇష్టంతోనే జరిగింది", ఈ రెండూ ఒకే కేసులో పక్కపక్కన నిలబడవు. ఏది నిజమో మొదటి రోజే లాయర్‌కు చెప్పమన్నది ఇందుకే.

నిందితుడు స్వయంగా సాక్ష్యం చెప్పొచ్చు, బలవంతం లేదు. క్రాస్‌లో తట్టుకోగలడా అన్నది ఆఫీసులో ఒకసారి ప్రశ్నలు వేసి చూశాకే తేల్చండి.

12. తీర్పు తర్వాత

శిక్ష పడితే హైకోర్టులో అప్పీలుకు 60 రోజులు, అమరావతిలోనో హైదరాబాద్‌లోనో, రాష్ట్రాన్ని బట్టి. శిక్ష నిలుపుదల పిటిషన్ అప్పీలుతో పాటే వేయండి. తీర్పు కాపీ నిందితుడికి ఉచితంగా ఇవ్వాలి. ఆ రోజే అడిగి తీసుకోండి.

కేసు కొట్టేసి విడిచిపెట్టినా బీఎన్ఎస్ఎస్ 481 కింద ఆరు నెలల బాండు ఉంటుంది, ఇల్లు మారితే లాయర్‌కు కొత్త అడ్రసు ఇవ్వండి. బాధితురాలికి కూడా అప్పీలు హక్కుంది. నోటీసు పాత ఇంటికి వెళ్లి తిరిగొచ్చి, వారెంటుగా మారిన సందర్భాలు లేకపోలేదు. సర్టిఫైడ్ కాపీలు నాలుగు తీయించి పెట్టుకోండి: పాస్‌పోర్టుకు ఒకటి, ఉద్యోగానికి ఒకటి, స్టేషన్‌లో రౌడీషీట్ లాంటిదేదైనా తెరిచి ఉంటే మూయించడానికి ఒకటి, ఇంకోటి ఆ నోట్‌బుక్ చివరి పేజీలో.